ఒక గంట కోసం ఒక ఖాళీ రోజు

ఉగాండాలోని కిబాలే అడవిలో చింపాంజీల దగ్గర మనకు దొరికేది ఒక్క గంట. అవి కంటబడ్డ క్షణం నుంచి ఆ గంట మొదలవుతుంది. వాటిని వెతుక్కుంటూ నడిచే సమయానికి లెక్క లేదు, అరగంటలో దొరకొచ్చు, మూడు గంటలైనా పట్టొచ్చు. గంట నిండగానే రేంజర్ వెనక్కి రమ్మంటాడు. విమానం టికెట్లు, వీసా, టీకాలు, కారు, గది, ఆఫీసులో సెలవు అన్నీ ఆ గంట చుట్టూనే అల్లుకోవాలి. ప్రయాణాలకు ప్లాన్ వేయడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన పని. ఇన్నాళ్లూ వేసిన వాటిలో ఇంత జాగ్రత్తగా ఆలోచించాల్సి వచ్చినది మరొకటి లేదు.

చింపాంజీలనగానే చాలామందికి టాంజానియాలోని గొంబే గుర్తొస్తుంది. 1960లో జేన్ గుడాల్ అక్కడ అడుగుపెట్టి, చింపాంజీలు పుల్లలతో చెదపురుగులను పైకి లాగి తినడం చూసి ప్రపంచానికి చెప్పారు. కానీ గొంబేకి టాంగన్యీకా సరస్సు మీద పడవలో వెళ్లాలి. వారం సెలవు మాత్రమే ఉన్నవాళ్లకు నేను చెప్పేది కిబాలేనే. కంపాలా నుంచి ఫోర్ట్ పోర్టల్ ఊరు దాదాపు 300 కిలోమీటర్లు, అయిదారు గంటల ప్రయాణం. అక్కడి నుంచి అడవిలోని కన్యాంచు కేంద్రానికి మరో గంట. 1993లో జాతీయ పార్కు అయిన ఈ అడవిలో 13 రకాల ప్రైమేట్లు ఉన్నాయి, చింపాంజీలే 1,400కు పైగా ఉంటాయని అంచనా. ‘చింప్ ఎంపైర్’ డాక్యుమెంటరీ చూసినవాళ్లకు ఎన్గోగో గుంపు తెలిసే ఉంటుంది. అదీ ఈ అడవిలోనిదే. అది పరిశోధకుల చోటు, సందర్శకులు వెళ్లేది కన్యాంచు గుంపు దగ్గరికి.

చింపాంజీల గుంపు ఎప్పుడూ ఒకచోట ఉండదు. పొద్దున నాలుగైదేసిగా విడిపోతాయి, పండ్లు విరగకాసిన చెట్టు దొరికితే కేకలు పెట్టి ఒకటవుతాయి, మళ్లీ విడిపోతాయి. వాటిని నడిపించేది పండు. మన మేడి, రావి, జువ్వి జాతి చెట్లే అక్కడా వాటికి పెద్ద ఆధారం. ఈ జాతి చెట్లన్నీ ఒకే రుతువులో కాయవు, ఎప్పుడూ ఎక్కడో ఒక చెట్టు పండి ఉంటుంది. ఆ చెట్టు ఏదో నిన్న సాయంత్రం వరకు వాటి వెనక తిరిగిన ట్రాకర్లకు తెలుస్తుంది. రాత్రి కొమ్మలు వంచి గూళ్లు కట్టుకున్న చోటును గుర్తుపెట్టుకుని, తెల్లవారుజామునే అక్కడికి చేరేది వాళ్లే. మన చేతిలోని కాగితం ఎంత పక్కాగా ఉన్నా అడవిలో పనిచేసేది వాళ్ల జ్ఞాపకం.

పొద్దున ఎనిమిది గంటల బృందంతో వెళ్లాలా, తర్వాతి బృందంతోనా అని అడుగుతుంటారు. పొద్దున అవి చెట్ల మీద తింటూ ఉంటాయి, మెడ నొప్పి పుట్టేలా పైకి చూడాలి. ఎండెక్కాక కిందికి దిగి నేల మీద పడుకోవడం, ఒకదానికొకటి ఒళ్లు దువ్వుకోవడం కనబడే అవకాశం ఎక్కువ. ఫోటోలే ముఖ్యమైతే ఆలస్యంగా వెళ్లడమే మేలు. నాకు మాత్రం పొద్దుటి పూటే ఇష్టం. చెట్ల పలకల్లాంటి వేళ్లను మగ చింపాంజీలు కాళ్లతో బాదుతుంటే ఆ మోత అడవంతా పాకుతుంది, దూరం నుంచి ఇంకో జట్టు కేకతో బదులిస్తుంది. దానికోసం ఎంత తెల్లవారుజామునైనా లేవొచ్చు.

మా బాబాయి కూతురు, వాళ్లాయన ఇప్పుడు హైదరాబాద్ నుంచి బయల్దేరే ఏర్పాట్లలో ఉన్నారు. “అన్నయ్యా, ఎలాగూ అంత దూరం పోతున్నాం, గొరిల్లాలను కూడా చూసేసి వద్దాం కదా” అంది. గొరిల్లాలుండే బ్విండి అడవికి కిబాలే నుంచి కారులో దాదాపు పగలంతా పడుతుంది. ఉన్న అయిదు రోజుల్లో అదీ ఇరికిస్తే రోడ్డు తప్ప ఏమీ మిగలదు. కానీ నేను వద్దన్నది అలసట గురించి కాదు. ఇరుకు ప్లాన్ చింపాంజీలకు ప్రమాదం, ఎలాగో చెప్తాను.

2013లో ఈ అడవిలోనే కన్యావరా అనే చోట, రిచర్డ్ రాంగమ్ 1987లో పరిశోధన మొదలుపెట్టిన గుంపులో, చింపాంజీలకు దగ్గు పట్టుకుంది. 56 చింపాంజీల్లో 5 చనిపోయాయి. బెట్టీ అనే రెండేళ్ల పిల్ల శరీరాన్ని పరీక్షిస్తే ఊపిరితిత్తుల్లో దొరికింది రైనోవైరస్-సి. మనుషుల్లో జలుబు తెచ్చే వైరస్‌లలో అదొకటి. మన పిల్లల్లో కొందరికి అది తీవ్రంగా సోకడానికి ఒక జన్యు రూపం కారణం. పరీక్షించిన చింపాంజీలన్నిటిలోనూ ఉన్నది ఆ రూపమే. 2016 చివర, 2017 మొదట్లో ఎన్గోగో గుంపును మనుషుల్లో తిరిగే మరో వైరస్ తాకింది, 20కి పైగా చింపాంజీలు పోయాయి. తల్లి చింపాంజీ ఒక పిల్లను కన్నాక మరో పిల్లకు సాధారణంగా అయిదారేళ్లు పడుతుంది. మనం రెండు మాత్రలు వేసుకుని ఆఫీసుకు వెళ్లిపోయే జలుబుతో ఏర్పడిన లోటు పూడడానికి ఆ గుంపుకి ఎన్నేళ్లు పడుతుందో ఆలోచించండి.

అందుకే మాస్కు వేసుకోమంటారు, దాదాపు 10 మీటర్ల దూరంలో ఉండమంటారు, బృందానికి ఆరుగురినే పంపుతారు, ఒంట్లో బాగాలేనివాళ్లను వద్దంటారు. ఈ నియమాలన్నీ మంచివే. అయితే చివరిది మన నిజాయితీ మీద ఆధారపడింది. విదేశీయులకు పర్మిట్ ధర 2024 జూలై నుంచి 250 డాలర్లు. అంత డబ్బు కట్టి, సముద్రం దాటి వచ్చి, రేపు సాయంత్రమే వెనక్కి వెళ్లాల్సిన మనిషికి ఆ పొద్దున గొంతు గరగరలాడితే ఏం చేస్తాడు? దగ్గు మింగుకుని లోపలికి నడుస్తాడు. అతను చెడ్డవాడేం కాదు. వెనక్కి తగ్గడానికి ప్లాన్‌లో చోటు లేదు, అంతే. ఆ చోటు ముందే పెట్టడమే ప్లాన్ వేసేవాళ్ల బాధ్యత.

కాబట్టి ఒక ఖాళీ రోజు ఉండాలి. అదీ అడవికి వెళ్లాక కాదు, వెళ్లక ముందు. విమానంలో పట్టుకున్న జలుబు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. ఎంటెబ్బే విమానాశ్రయంలో దిగిన మర్నాడే అడవిలోకి వెళ్తే, పైకి తెలియని జలుబును మోసుకెళ్లే అవకాశం ఉంది. దిగిన రాత్రి ఎంటెబ్బేలో, మర్నాడు ఫోర్ట్ పోర్టల్ దాకా ప్రయాణం, ఆ తర్వాతి రోజు ఖాళీ, నాలుగో రోజు పొద్దున చింపాంజీలు, అయిదో రోజు తిరుగు ప్రయాణం. ఇదీ నేను రాసిచ్చిన వరుస. ఖాళీ రోజున చేయడానికి అక్కడ బిలం సరస్సులున్నాయి, అగ్నిపర్వత బిలాల్లో నీళ్లు నిండి ఏర్పడినవి. వాటి గట్ల మీద నడవండి. మబ్బు లేకపోతే రువెంజోరి కొండలు కనిపిస్తాయి. జలుబు చేసి అడవికి వెళ్లలేకపోయినా ఆ ఊరు మిమ్మల్ని ఊరికే పంపదు. దగ్గు వస్తే తేదీ మారుస్తారా, డబ్బు తిరిగి ఇస్తారా అన్నది పర్మిట్ కొనేటప్పుడే అడిగి రాయించుకోండి. విమానంలో ముక్కూ నోరూ మూసే మంచి మాస్కు పెట్టుకోండి. ఫ్లూ టీకా బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు.

మిగతావి త్వరగా చెప్తాను. ఎల్లో ఫీవర్ టీకా లేకుండా ఉగాండాకు వెళ్లకూడదు. అది లేకుండా తిరిగొస్తే మన దేశంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు, ఏయే రోజుల్లో వేస్తారో ముందే కనుక్కోండి. మలేరియా మాత్రలకు డాక్టర్‌ను అడగండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి, జూన్ నుంచి ఆగస్టు వానలు తక్కువ. ప్యాంటు కింది అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి, బారులు తీరి సాగే చీమలు కాళ్లెక్కితే నిలవనివ్వవు.

బిగోడికి ఒక పూట తప్పకుండా పెట్టుకోండి. కన్యాంచుకు కొద్ది దూరంలో ఊరివాళ్ల సంఘమే చూసుకునే చిత్తడి నేల అది, 1992 నుంచి వాళ్లే నడుపుతున్నారు. అడవి అంచున మొక్కజొన్న, అరటి వేసుకున్న రైతులకు ఏనుగులతోనూ చింపాంజీలతోనూ పంట నష్టం మామూలే. అడవి పందుల కోసం, చిన్న జింకల కోసం కొందరు పెట్టే తీగ ఉచ్చుల్లో చింపాంజీలు చిక్కి వేళ్లు, చేతులు పోగొట్టుకుంటాయి. మీకు కనబడే గుంపులోనూ చేయి వంగిపోయిన చింపాంజీ ఉండొచ్చు. పార్కు ప్రవేశ రుసుములో 20 శాతం చుట్టుపక్కల ఊళ్లకు చెందాలని చట్టం ఉంది, కానీ అది చాలా మెట్లు దిగి రావాలి. బిగోడిలో గైడ్‌కు ఇచ్చిన డబ్బు, భోజనానికి ఇచ్చిన డబ్బు అదే రోజు ఊళ్లో ఖర్చవుతుంది. మా చెల్లెలికి ఇంకో మాట కూడా చెప్పాను, భోజనం ముందు రోజే చెప్పి పెట్టుకోమని. పచ్చి అరటికాయ ఉడికించి మెదిపిన మటోకే, వేరుశనగ పులుసు వేడివేడిగా తినాలంటే వాళ్లకూ వండే వ్యవధి కావాలి.