అరిచేది ఒకటి, అరిపించేది ఇంకొకటి

చప్పుడు వచ్చిందా, పార్టు మార్చు. ఈ పద్ధతి మీద నాకెంత కడుపుమంటో ఈ కాలమ్ చదివేవాళ్ళకి తెలుసు. మిక్సీ గురించి రాసినా, బోరు మోటారు గురించి రాసినా చివరికి అక్కడికే వచ్చి పడతాను. ఈ వారం వంతు మా కారుది. పొద్దున గాండ్లపెంటలో స్టార్టు చేస్తే బానెట్ కింద కీచుమని కూత. ఏసీ వేస్తే ఇంకాస్త పెరుగుతుంది, కదిరి రోడ్డెక్కి వేగం అందుకున్నాక సద్దుమణుగుతుంది. ఊరు పేరెందుకు గానీ, ఒక సర్వీసు సెంటర్లో బానెట్ కూడా ఎత్తకుండా కాగితం మీద నాలుగు పార్టులు రాసిచ్చారు: ఫ్యాన్ బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ పుల్లీ, ఆల్టర్నేటర్ బేరింగు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని కదిరిలో నాకు తెలిసిన మెకానిక్ షెడ్డుకి పోయాను.

ఆయన ముందు ఏదీ విప్పలేదు. ఇంజన్ ఆడుతుండగా, నీళ్ళ బాటిల్ మూతకి బెజ్జం పొడిచి, చెయ్యి దూరంగా ఉంచి బెల్టు చారలున్న వైపు నాలుగు చుక్కలు చిమ్మాడు. కూత టక్కున ఆగింది. నేను సంబరపడేలోపే మళ్ళీ మొదలైంది.

"అరిచేది బెల్టే సార్, అరిపించేది వేరే."

నీళ్ళు పడ్డాక కూత పెరిగితే బెల్టు వదులై జారుతున్నట్టు. కాసేపు ఆగి మళ్ళీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేనట్టు. నీళ్ళకి ఏ మార్పూ లేకపోతే బెల్టుని వదిలేసి బేరింగుల మీద అనుమానపడాలి.

పుల్లీల వరస మాట విన్నాక నా ధ్యాస కారు మీద లేదు, శెనక్కాయల మిషన్ మీదికి పోయింది. కదిరి పరిశోధన కేంద్రం వాళ్ళ కె-6 రకం శెనక్కాయ ఇంకా రాని రోజులు, ఎక్కువమంది టీఎంవీ-2 రకం వేసే రోజులు. మిషన్‌కి సొంత ఇంజన్ ఉండేది కాదు. ట్రాక్టరును ఎదురుగా నిలబెట్టి, దాని పుల్లీకీ మిషన్ పుల్లీకీ మధ్య బారల పొడుగు పట్టా బెల్టు వేసేవాళ్ళు. బిగువు కోసం ట్రాక్టరును రివర్సులో జానెడు వెనక్కి లాగి టైర్ల కింద రాళ్ళు పెట్టేవాళ్ళు. అంతవరకూ ఎవరైనా చేస్తారు. దాన్ని మిషన్‌కి తిన్నగా నిలబెట్టడమే అసలు పని. బెత్తెడు పక్కకున్నా బెల్టు కాసేపు తిరిగి, పుల్లీ అంచుకి పాకి, ధడాలున దుమ్ములో పడేది. కూలోళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. కొత్త డ్రైవరైతే ట్రాక్టరును ఇంకాస్త వెనక్కి లాగేవాడు, బిగిస్తే సరిపోతుందని. అది ఇంకా తొందరగా పడేది. మా ఊరి పాత డ్రైవరు మాత్రం కిందికి దిగి, మిషన్ వెనక గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి బెల్టు వెంబడి చూసేవాడు. "ముందు చక్రాలు రవ్వంత తూర్పుకి తిప్పుకో" అనేవాడు. ఇంక పొద్దుగూకేదాకా బెల్టు పడేది కాదు. జారితే రుద్దడానికి ఆయన దగ్గర ఒక జిగురు ముద్ద కూడా ఉండేది గానీ, అది బయటికి తీశాడంటే ఆ రోజు పని సాగదని అందరికీ తెలిసిపోయేది. పిల్లల్నే కాదు, భుజాన తువ్వాలున్న పెద్దోళ్ళని కూడా బెల్టు దరిదాపుల్లోకి రానిచ్చేవాడు కాదు.

మళ్ళీ కారు దగ్గరికొస్తే, ఒకప్పుడు కార్లలో ఒక్కో పనికి ఒక్కో వి-బెల్టు ఉండేది. అన్నింటినీ ఒకే పొడుగు బెల్టుతో చుట్టేయడం 1979లో ఫోర్డ్ మస్టాంగ్‌తో మొదలైంది. ఇప్పుడు ఆల్టర్నేటరు, ఏసీ, చాలా బండ్లలో నీళ్ళ పంపు కూడా దాని మీదే ఆధారం. రాయచోటి దారిలో మిట్టమధ్యాహ్నం తెగిందంటే ముందు బ్యాటరీ లైటు వెలుగుతుంది, ఆ తర్వాత ఏసీలోంచి వేడిగాలి, నీళ్ళ పంపు కూడా ఆగితే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి.

మెకానిక్ ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎట్లా తిరిగిందో ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. స్పానరు వేసి, బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌ని వెనక్కి నొక్కితే బెల్టు ఊడొచ్చింది. పుల్లీలు ఒక్కొక్కటే చేత్తో తిప్పాడు. ఆల్టర్నేటరు నున్నగా తిరిగింది. బెల్టుకి దారి చూపే ఐడ్లర్ పుల్లీ గరగరమంది, పట్టుకుని ఊపితే అటూ ఇటూ ఆడింది. గ్రీజు ఎండిపోయి మా ఎర్రమట్టి దుమ్ము చేరింది. కాగితంలో నాలుగు, తప్పు ఒక్కదానిది! బెల్టు మీద చీలిక లేదు, నల్లగా నిగనిగలాడుతోంది. అదే వేసెయ్యమన్నాను.

ఆయన డబ్బాలోంచి ఒక చిన్న ప్లాస్టిక్ పుల్ల తీసి బెల్టు గాడిలో పెట్టాడు. బెల్టు బాగుంటే పుల్ల చారల కంటే ఎత్తుగా కనబడాలట. అది పూర్తిగా మునిగిపోయింది. "పాత రబ్బరు పగిలేది సార్. ఇప్పుడొచ్చే ఈపీడీఎం పగలదు, టైరు మాదిరి అరుగుతాది." టెన్షనర్ మీది గుర్తు కూడా చివరి గీతకి చేరింది. స్ప్రింగు వదులైతే కొత్త బెల్టూ జారుతుంది, మళ్ళీ ఇదంతా విప్పాలి. కాగితంలోవి నాలుగింట మూడు మార్చాం. రాసినవాళ్ళు బండి చూడకుండానే రాశారన్న కోపం నాకింకా ఉంది గానీ, లెక్కయితే దాదాపు కుదిరింది.

చప్పుడు చెయ్యనిదాన్ని ముట్టుకోవద్దని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో. చీలకుండా, కూయకుండా అరిగిపోయే వస్తువు దగ్గర ఆ సూత్రం పనిచెయ్యదు. ఆ పాత డ్రైవరు కూడా చెవి పెట్టి వినలేదు, ఒక కన్ను మూసి చూశాడు. పెనుకొండ దగ్గర యర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్న జిల్లా మనది. ఆ ప్లాస్టిక్ పుల్ల మన షెడ్లలో ఎన్నింట ఉంది? కూత ఆగడానికి బెల్టుకి సబ్బు రుద్దమనేవాళ్ళు, నూనె రాయమనేవాళ్ళు మాత్రం ప్రతి టీ కొట్టు దగ్గరా ఉంటారు. నూనె తగిలితే బెల్టు జారడమే కాదు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పక్కనే ఎన్.పి.కుంటలో సోలార్ పలకలున్నాయి, కరెంటు కార్లొస్తే ఈ బెల్టు గొడవే ఉండదంటాడు మా అల్లుడు. వస్తే రానీ.

కొత్త బెల్టు ఎక్కించాక ప్రతి చారా దాని గాడిలోనే కూర్చుందో లేదో ఆయన వేలితో తడిమి చూసుకున్నాడు. ఒక్క గాడి పక్కకి పడినా అంచు పోగులు పోగులుగా లేచిపోతుందట. తర్వాతే తాళం నా చేతికిచ్చాడు.

మా తమ్ముడి కారు కొన్నప్పటి నుంచి ఒక్క కూత కూడా పెట్టలేదని వాడికి మహా గర్వం. అడిగి ఆ పుల్ల ఒకటి తెచ్చుకున్నాను. ఆదివారం వాడొస్తే ముందు బానెట్ ఎత్తించాలి.