ఒదిగి పాడే గొంతు

'ఇంతందం' అనే మాటను ఒకసారి కాగితం మీద రాసి చూడండి. ఉన్నవి మూడే అక్షరాలు, మూడింటికీ సున్నలే. 'త' ముందున్న సున్నకు నాలుక పళ్ల వెనక తగలాలి, 'ద' ముందున్నదానికీ అంతే. చివరి సున్నకు పెదాలు మూసుకోవాలి. మూడుసార్లూ గాలి ముక్కు దారి పడుతుంది. కాస్త నొక్కితే ముక్కుతో పాడినట్టుంటుంది, కాస్త వదిలేస్తే మాట నలిగిపోతుంది. 2022లో వచ్చిన 'సీతారామం'లో కృష్ణకాంత్ రాసిన ఈ పాట మొదలయ్యేదే ఆ మాటతో. విశాల్ చంద్రశేఖర్ బాణీ నిదానంగా నడుస్తుంది కాబట్టి గాయకుడికి తప్పించుకునే దారి లేదు. ఎస్.పి. చరణ్ ఆ మూడు సున్నలనీ తాకీ తాకనట్టు దాటతాడు. ఆశ్చర్యపోయినవాడి నోట మాట వచ్చినట్టే ఉంటుంది, పాట ఎత్తుకున్నట్టు ఉండదు. ఈ ఒక్క చోటు కోసం నేను ఆ పాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అదే సినిమాలో రమ్య బెహరాతో కలిసి పాడిన 'ఓ సీతా హే రామా' పని వేరు. అనంత శ్రీరామ్ రాసిన ఆ పాట పేరులోనే రెండు పిలుపులున్నాయి. పిలుపును పాడటం కష్టం. రాగం ఎక్కువైతే ఎదుటి మనిషి మాయమైపోయి గాయకుడే మిగులుతాడు. చరణ్ అక్కడ గొంతు తగ్గించుకుంటాడు. పక్కన కూర్చున్న మనిషికి వినపడితే చాలు అన్నట్టు పిలుస్తాడు. యుగళగీతంలో రెండో గొంతుకు చోటు వదలడం పెద్ద మర్యాద. ఆ మర్యాద ఈ పాట పొడుగునా ఉంది.

ఈ పాటలు వచ్చినప్పుడు అందరి నోటా ఒకటే మాట, అచ్చం తండ్రి బాలుగారిలా ఉందని. జీర కలిసింది, నిజమే. కానీ ఇద్దరి పనితనం ఒకటి కాదు. బాలుగారు పాటలో నటించేవారు. ఎన్టీఆర్‌కి ఒకలా, ఏఎన్నార్‌కి ఒకలా, అల్లు రామలింగయ్యకి మరోలా గొంతు మార్చేవారు. మధ్యలో ఓ నవ్వు, ఓ విరుపు, ఓ నిట్టూర్పు వేసి పాటను తెరకన్నా ముందే బొమ్మ కట్టించేవారు. చరణ్ ఆ దారి తొక్కలేదు. పాటకు అలంకారాలు పెట్టడు, దానిలో ఒదిగిపోతాడు. పై స్థాయిలో బాలుగారికున్న నిండుదనం అతని గొంతులో లేదు, ఆ సంగతి అతనికి తెలుసనే అనిపిస్తుంది. అందుకే బరువంతా మధ్యస్థాయిలో, మాట మీద వేస్తాడు. జీర రక్తంలో రావచ్చు. ఊపిరి ఎక్కడ తీయాలో మాత్రం ఎవరికి వారు నేర్చుకోవాల్సిందే.

నేర్చుకోవడానికి చాలా ఏళ్లే పట్టింది. 2000లో మణిరత్నం 'అలైపాయుదే', అంటే మన 'సఖి' తమిళ మాతృకలో రహ్మాన్ బాణీ కట్టిన 'కాదల్ సడుగుడు'ను నవీన్‌తో కలిసి పాడాడు. అందులో వినిపించేది కుర్రతనం, హుషారు. 'ఇంతందం' దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతులో నిదానం చేరింది.

ఆ మధ్యకాలంలో అతను చేసిన పనుల్లోనూ ఈ ఒదుగు కనిపిస్తుంది. 2003లో సముద్రఖని తొలి సినిమా 'ఉన్నై చరణడైందేన్'లో వెంకట్ ప్రభుతో కలిసి నటించాడు. నాలుగేళ్లకు అదే వెంకట్ ప్రభును 'చెన్నై 600028'తో దర్శకుణ్ని చేసింది నిర్మాతగా చరణే. ఓ పిన్‌కోడ్ పేరు పెట్టుకున్న గల్లీ క్రికెట్ కథ అది, నటుల్లో ఎక్కువమంది కొత్తవాళ్లు. దర్శకుడు గంగై అమరన్ కొడుకు, సంగీతం ఇళయరాజా కొడుకు యువన్‌ది, డబ్బు పెట్టింది బాలు కొడుకు. ముగ్గురు సంగీతకారుల ఇళ్ల పిల్లలు కలిసి తీసింది పెద్దల పేర్లు వాడుకునే సినిమా కాదు. వీధి కుర్రాళ్ల సినిమా.

2008లో వచ్చిన 'సరోజ' మన పాఠకులు వెతుక్కుని చూడాల్సింది. చెన్నై నుంచి నలుగురు మిత్రులు హైదరాబాద్‌లో క్రికెట్ మ్యాచ్ చూడటానికి వ్యాన్‌లో బయలుదేరి దారి తప్పి ఆపదలో పడతారు. వాళ్లలో ఇద్దరు తెలుగు అన్నదమ్ములు, జగపతిబాబు, రాంబాబు. జగపతిబాబు చరణ్, రాంబాబు వైభవ్. చరణ్‌ది పెళ్లాం బిడ్డలున్న సంసారి పాత్ర, నలుగురిలో ఒకడు. తెర మీద తనవంతు ఎంతో అంతే తీసుకుంటాడు. పక్కవాడు మాట్లాడుతుంటే నిజంగా వింటాడు. యుగళగీతంలో చోటు వదిలిన ఆ మర్యాదే ఇక్కడా ఉంది.

నిర్మాతగా అతని ధైర్యానికి గీటురాయి 'ఆరణ్య కాండం'. త్యాగరాజన్ కుమారరాజాకు అది మొదటి సినిమా. ఒక రోజులో జరిగే నేర కథ, అందులో ఒక్క పాట కూడా లేదు. పాటే ఇంటిపేరైన కుటుంబంలో పుట్టినవాడు పాట లేని సినిమాకు డబ్బు పెట్టాడు! సెన్సార్ 52 కత్తిరింపులు చెప్పింది. చిక్కులన్నీ దాటి 2011 జూన్‌లో విడుదలైంది. వసూళ్లు రాలేదు గానీ, తొలిచిత్ర దర్శకుడికీ కూర్పుకీ జాతీయ అవార్డులు వచ్చాయి. ఇవాళ తమిళంలో కొత్త తరం సినిమా గురించి మాట్లాడేవాళ్లెవరూ దాన్ని వదిలి మాట్లాడరు.

2020 ఆగస్టు 5న బాలుగారు కరోనాతో చెన్నైలో ఆసుపత్రిలో చేరారు. సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ఆ యాభై రోజులూ తండ్రి ఆరోగ్యం సంగతి లోకానికి చెప్పింది చరణే. వీడియోల్లో గొంతు పెంచకుండా, ఆశ వదలకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆయన ఆసుపత్రిలో చేరిన సరిగ్గా రెండేళ్లకు, 2022 ఆగస్టు 5న 'సీతారామం' విడుదలైంది.

ఈలోగా 1996 నుంచి బాలుగారు నడిపిన టీవీ పాటల పోటీ 'పాడుతా తీయగా' చరణ్ చేతికి వచ్చింది. అంతకన్నా కష్టమైన కుర్చీ తెలుగు టీవీలో లేదు. అక్కడ బాలుగారు పాట వెనకున్న కవిని, స్వరకర్తను, వాద్యకారుణ్ని పేరు పెట్టి పరిచయం చేసేవారు. ఆ జ్ఞాపకాల భాండారం చరణ్‌కు ఎక్కడిది? లేనిది ఉన్నట్టు అతను నటించలేదు. విశ్లేషణను న్యాయనిర్ణేతలకు వదిలి, పాడే పిల్లలకు బెరుకు పోగొట్టే పని తను తీసుకున్నాడు. సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

తెలుగులో అతని చేత పాడించుకున్న పాటలు ఇప్పటికీ తక్కువే. మన సంగీత దర్శకులు ఈ గొంతును బాలుగారి జ్ఞాపకంగా పిలవడం మాని, చరణ్ గొంతుగా పిలవాలి. మీరు కూడా ఈసారి 'ఇంతందం' వినేటప్పుడు అందులో బాలుగారిని వెతక్కండి. మొదటి మాటలోని ఆ మూడు సున్నలు వినండి.