విచారణ చరిత్రకూ ఒక విచారణ కావాలి

మన ఊళ్లల్లో ఆర్.సి.ఎం. గుడికి పాతికేళ్లో యాభయ్యేళ్లో నిండితే జూబిలీ చేస్తారు. జూబిలీకి ఒక సంచిక వేస్తారు. ముందు మేత్రాణుల ఫొటో, తర్వాత శుభాకాంక్షలు, ఆ తర్వాత 'విచారణ చరిత్ర'. ఆ చరిత్రలో ఏముంటుంది? ఏ ఏడాది ఏ గురువులు వచ్చారు, ఎవరు గుడి కట్టించారు, ఎవరు బడి పెట్టారు, ఎవరు బదిలీ అయ్యారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం వంటి చిన్న పట్నాల క్రైస్తవం మీద పని చేయాలనుకునే విద్యార్థి మొదట వెతికేది ఇలాంటి సంచికల్నే. కాబట్టి ఈ రాత పద్ధతిని ఒకసారి నిలదీయాలి.

'గురువులు గుడి కట్టించారు' అన్న వాక్యాన్నే చూడండి. కట్టించినాయన పేరు ఉంది. కట్టినోళ్లు లేరు. రాళ్లు మోసిందెవరు, కూలి తీసుకున్నారా లేదా, ఆ స్థలం ఎవరిది, దానికీ మాలపల్లెకూ మాదిగపల్లెకూ ఎంత దూరం? ఈ ప్రశ్నలు పుట్టవు. ఇంకా పెద్ద లోటు ఉపదేశి. గురువులు చుట్టుపక్కల పల్లెలకు అప్పుడప్పుడూ వచ్చిపోయేవాళ్లు. పల్లెలో ఉండి జపాలు నేర్పింది, పిల్లలకు అక్షరాలు దిద్దించింది, చావు దగ్గర నిలబడింది ఉపదేశి. ఆయన లేకపోతే విచారణే లేదు. సంచికలో మాత్రం ఆయన 'ఉపదేశుల సహకారంతో' అన్న ముక్కలో కలిసిపోతాడు.

ఇది మరుపు మాత్రమేనా? కాదు. తెలుగు కతోలిక సభ పుట్టుకలోనే దీని మూలం ఉంది. 18వ శతాబ్దంలో కర్ణాటక మిషన్ జెసూట్ గురువులు రాయలసీమ వైపు పనిచేసినప్పుడు రెడ్డి కుటుంబాలు మతంలోకి వచ్చాయి. వాళ్ల వారసులు గుంటూరు సీమ దాకా విస్తరించారు. దళితులు గుంపులుగా వచ్చేసరికే సభలో కులం కూర్చుని ఉంది. గుడి ఒక్కటే అయినా, ఎక్కువమంది ఒక కులం, పెత్తనం మరో కులం.

పక్కనే ఉన్న బాప్టిస్టుల కథ వేరు. జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పెద్ద కులాలవాళ్లు చెప్పినప్పుడు ఆయన మాదిగల పక్షాన నిలబడ్డాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకొని కూలి ఇప్పించాడు గానీ, కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 'గంజి కోసం మతం మారినోళ్లు' అని ఇప్పటికీ వెక్కిరించేవాళ్లు ఈ క్రమం చూడాలి. అంతకుముందే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, యోగసాధన చేసి నలుగురికి గురువైనవాడు, ఈ మాటను పల్లె పల్లెకూ మోశాడు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో అచ్చువేసిన 'వైల్ సోయింగ్ శాండల్స్'లో పేరయ్య ఉన్నాడు, మాదిగల గురువులూ దేవతలూ ఉన్నారు. అది మిషనరీ చూపే, అందులో దొరసాని దయ ఉంది. అయినా మనుషులు పేర్లతో ఉన్నారు. కతోలిక విచారణ చరిత్రలకు కనీసం ఈ కొలత పెట్టాలి.

ఆధారాలు లేవనడం సాకు. కాకపోతే అవి చెదిరిపోయి ఉన్నాయి. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండి, తర్వాత ఒంగోలు జిల్లాలోకి వచ్చాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. సభ గీతలూ కదిలాయి. 1928లో మద్రాసు నుంచి నెల్లూరు మేత్రాసనం విడివడి మిల్ హిల్ గురువుల చేతికొచ్చింది. దాన్నుంచి 1967లో కర్నూలు, 1976లో కడప వేరయ్యాయి. అయితే ఎక్కడికీ పోకుండా ఒక పుస్తకం ఉంటుంది. జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, చావులు రాసిపెట్టడం సభ చట్టం ప్రకారం ప్రతి విచారణకూ విధి. జమీను లేనోడి పేరు రెవెన్యూ లెక్కల్లో దొరకదు. గుడి రిజిస్టర్లో దొరుకుతుంది, తల్లిదండ్రుల పేర్లతో సహా.

ఇక్కడే ముడి పడుతుంది. ఆ రిజిస్టరే మనోళ్ల మెడకు ఉరి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులకే షెడ్యూల్డు కులం గుర్తింపు ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. క్రైస్తవులకూ ముస్లింలకూ తెరవలేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితులకు దక్కింది బి.సి.-సి కింద ఒక్క శాతం. అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో చెప్పింది. అందుకే గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. 'మా తాత ఉపదేశి' అని సంచికలో అచ్చయితే మనవరాలి సర్టిఫికెట్టు ప్రశ్నార్థకం కావచ్చు. పేర్లు ఎందుకు లేవని గద్దించే విమర్శకుడు ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఈ మౌనంలో సగం సభ అలక్ష్యం, సగం రాజ్యం పెట్టిన భయం.

అలాగని నోరు మూసుకుందామా? ఈ భయం అలక్ష్యానికి ముసుగు కాకూడదు. గురువుల జాబితా వేయడానికి ఎవరి భయమూ అడ్డు రాలేదు గదా. బతికున్నవాళ్ల పేర్లు దాచి కూడా పల్లె చరిత్ర రాయొచ్చు. ఏ బావిలో నీళ్లు తోడనిచ్చారు, పలకల గనుల్లో ఎవరు పనిచేశారు, పాలేరుతనం ఎప్పుడు పోయింది, గుళ్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఏ సమాధులు ఎటుపక్క. చనిపోయినవాళ్ల పేర్లు వేయాలా వద్దా అన్నది కుటుంబాలను అడిగి తేల్చాలి. ముసలమ్మలు చెప్పింది వాళ్ల మాటల్లోనే ఎక్కించుకోవాలి, వాళ్లు పోతే ఆ పుస్తకాలూ పోతాయి.

2016లో భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య దళిత సాధికారత విధానం ప్రకటించింది. 2022లో కర్నూలు సీమ బిడ్డ పూల అంతోని కార్డినల్ అయ్యాడు, దళితుల్లో మొదటివాడు. సంతోషమే. కానీ పైన ఒకరు ఎక్కితే కింద చరిత్ర దానంతటదే మారదు. మూడో పేరా పోవాలని కొట్లాడటం, విచారణ చరిత్ర తిరగరాయటం రెండు పనులు కావు, ఒకటే. తన తాత పేరు భయం లేకుండా రాసుకోగలిగిన రోజే ఆ విచారణ నిజంగా మనది.