విస్మయానికి అక్షరాభ్యాసం

అద్భుతరసానికి స్థాయీభావం విస్మయమని భరతముని నిర్ణయించిన నాటినుంచి మన ఆలంకారికులు ఆ రసాన్ని కావ్యనాటకాలలో ఎంత శ్రద్ధతో అన్వేషించారో అంత శ్రద్ధతో చిత్తరువులోనూ, ఛాయాచిత్రంలోనూ, దూరదేశపు వింతను నాలుగు పంక్తులలో ఎరుకపరచే చిన్న వ్యాసంలోనూ అన్వేషించలేదు. మన ఇళ్లలో మూడు తరాల బాలబాలికలు ఆ రసాన్ని తొలిసారి చవిచూసింది మాత్రం అక్కడే, మద్రాసు వడపళని నుంచి నెలనెలా వెలువడిన ‘చందమామ’ పుటలలోనే. ఆ పత్రికలోని ముఖచిత్రాలను, ఫొటో వ్యాఖ్యల పోటీలను, ‘ప్రపంచపు వింతలు’ శీర్షికను ఏర్చి కూర్చిన ఈ సంపుటానికి పీఠిక వ్రాయమని ఆయుష్మంతుడైన సంకలనకర్త కోరినప్పుడు, ఇది ఎప్పుడో జరగవలసిన పని అన్న భావమే ముందు కలిగింది. పాఠక మహాశయులు కొంచెంసేపు నా ప్రక్కన ఆసీనులు కండి. పుటలు తిప్పబోయే ముందు ఈ వింతల వంశక్రమాన్ని కొంత విన్నవించుకుంటాను.

చెన్నపట్టణానికి లోకంలోని వింతలను ప్రదర్శించడం కొత్తగా అబ్బిన విద్య కాదు. 1851లో ఇక్కడ ప్రభుత్వ మ్యూజియం వెలసింది; దాని ఆవరణలోనే 1855లో జంతుప్రదర్శనశాల ఆరంభమైంది. పల్లెలనుంచి పట్టణం చూడవచ్చిన మనవారు మొదటిదానిని చచ్చిన కాలేజీ అనీ, రెండవదానిని బతికిన కాలేజీ అనీ పిలుచుకుంటూ, ఆ రెండూ చూడనిదే తిరుగు రైలు ఎక్కేవారు కారు. కృష్ణాతీరాన మన అమరావతి శిల్పులు చెక్కిన సున్నపురాతి ఫలకాలు ఆ మ్యూజియానికి చేరాయి. 1858లో, మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడైన లిన్నేయస్ ట్రైప్ వాటికి కాగితం మీద మరొక జన్మ ప్రసాదించాడు. మరుసటి సంవత్సరమే ఆ ఫలకాలలో అధికభాగం ఓడలెక్కి లండనుకు తరలిపోయింది. తెలుగు శిల్పం, మద్రాసు నగరం, ఫొటోగ్రఫీ అనే నూతన విద్య, ఈ మూడూ అంత పూర్వమే ఒక్కచోట కలిశాయన్న సంగతి నాకు ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరింపజేస్తుంది.

అచ్చులో ఈ సంప్రదాయానికి పునాది వేసినవారు మహనీయులు. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు ప్రపంచ జ్ఞానమంతటినీ తెలుగు అక్షరాలలో నిక్షేపించదలచి ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’నకు ఉపక్రమించారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ‘ఆంధ్రపత్రిక’ను మద్రాసులో దినపత్రికగా నెలకొల్పి, 1924లో ‘భారతి’ని స్థాపించి, సాహిత్యంతోపాటు చిత్రకళను కూడా తెలుగు గృహస్థుని గుమ్మంలోకి తెచ్చారు. పిల్లలకోసం న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ను ఆరంభించారు. ఆ వెనుక రెండేళ్లకు, 1947 జూలైలో, కడప సీమనుంచి వచ్చిన బి. నాగిరెడ్డిగారూ, శరత్ నవలలను తెనిగించిన తెనాలి చక్రపాణిగారూ కలిసి తెలుగు తమిళాలలో ఒకేసారి ‘చందమామ’, ‘అంబులిమామ’లను ఉదయింపజేశారు.

ఆ పత్రికకు రంగులద్దిన చిత్రకారుల ఘనత ఈ సంపుటంలో ప్రతి పుటా చెబుతుంది గనుక నేను విస్తరించను. కశింకోటలో బడి పిల్లలకు డ్రాయింగు బోధిస్తూ వడ్డాది పాపయ్యగారు పంపిన ముఖచిత్రాలు, ఎం.టి.వి. ఆచార్య మహాభారత చిత్రాలు, దాసరి సుబ్రహ్మణ్యంగారి జానపద ధారావాహికలకు ‘చిత్రా’ కల్పించిన రాక్షసులూ మాంత్రికులూ ఇక్కడ యథోచిత స్థానాలలో కొలువుదీరారు. మద్రాసు చిత్రకళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి అంతేవాసియైన శంకర్, శవాన్ని భుజాన వేసుకొని కత్తి దూసి నడిచే విక్రమార్కుణ్ణి ఎన్నెన్ని సార్లు చిత్రించినా ఆ నడకలో అలసట కనబడనీయలేదు. ఆయన 2020లో పరమపదించారు. మరుసటి ఏడు పద్మశ్రీ ఆయన పేరిట వచ్చింది.

నేను తీరికగా నిలువదలచినది ఫొటో వ్యాఖ్యల పోటీ దగ్గర. ఈ పోటీని వినోదమాత్రంగా తలచేవారు దాని నియమాన్ని మరొక్కసారి పరిశీలించాలి. సంబంధమున్నట్లూ లేనట్లూ తోచే రెండు ఫొటోలు ప్రక్కప్రక్కన అచ్చయ్యేవి. ఒక్కొక్క దానికి ఒక మాటలోనో చిన్న వాక్యంలోనో వ్యాఖ్య కూర్చాలి. ఆ రెండు వ్యాఖ్యలకూ పరస్పరాన్వయం ఉండాలి. ఒక పోస్టుకార్డు మీద వ్రాసి గడువులోగా మద్రాసుకు పంపాలి. అవధాన సభలో పృచ్ఛకుడు సమస్య ఇచ్చి, పొసగని పాదానికి పొసగే అన్వయం కల్పించమని అవధానిని నిర్బంధించడానికీ దీనికీ ప్రకృతిలో భేదం లేదు. అక్కడ ఛందస్సు విధించే కట్టుబాటును ఇక్కడ పోస్టుకార్డు విధించింది. పండితులకే పరిమితమైన సమస్యాపూరణాన్ని ఎలిమెంటరీ పాఠశాల బాలుడి చేతికి, మధ్యాహ్నం పని ముగించుకొని అరుగు మీద కూర్చున్న గృహిణి చేతికి అందించిన గౌరవం ఈ పోటీది. గెలిచిన జంట వ్యాఖ్యలను ఇందులో వరుసగా చదువుతూ పోతే, ప్రాసతో ముడివేసినవారు, సామెతను రెండుగా విరిచి పంచినవారు, ఒక ఫొటోలో ప్రశ్న పెట్టి రెండవదానిలో సమాధానం చెప్పినవారు వేరువేరుగా గోచరిస్తారు. అలంకారశాస్త్ర విద్యార్థులకు ఇంతకంటె సులభమైన ఉదాహరణ గ్రంథాన్ని నేను చూపలేను.

‘ప్రపంచపు వింతలు’ గురించి ఒక మాట. 1918లో అమెరికాలో రాబర్ట్ రిప్లీ ఆరంభించిన ‘నమ్మండి, నమ్మకపోండి’ శీర్షిక లోకప్రసిద్ధం. పాఠకుణ్ణి ఉలిక్కిపడేటట్లు చేయడంలో దానికది సాటి. చందమామ మార్గం వేరు. 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు దాని సంపాదకత్వ భారం వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారు కాశీ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం అభ్యసించినవారు. అద్భుతాన్ని చెప్పేటప్పుడు గొంతు పెంచవలసిన అగత్యం లేదని ఎరిగినవారు. వింత ఎక్కడిది, ఎంతటిది, ఎలా ఏర్పడింది అని తిన్నగా చెప్పి విరమించే ఆ వచనంలో విశేషణాలు బహు స్వల్పం. ఆశ్చర్యార్థకాలతో నిండిన నేటి వార్తారచనకు అలవాటుపడిన కనులకు ఆ నిగ్రహం మొదట చప్పగా తోచవచ్చు. నాలుగు పుటలు గడిచేసరికి విస్మయం వస్తువులోనుంచే పుట్టుకొస్తుంది.

సంకలనకర్త పడిన శ్రమను సామాన్యులు ఊహించలేరు. చందమామలను దాచుకున్న కుటుంబాలు అనేకం; కాని ధారావాహికలకోసం సంచికలను బైండు చేయించినప్పుడు అట్టలు ఊడిపోయాయి, అంచులు కోతకు గురై చిత్రకారుల సంతకాలు లోపించాయి. పాత పుస్తకాలకు కాణాచియైన మూర్ మార్కెట్ 1985లో అగ్నికి ఆహుతి అయింది. ఇతడు తిరువల్లిక్కేణి కాలిబాటల మీద, వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలలో, పరిచయం లేని ఇళ్ల అటకల మీద వెదకి, ఒక్కొక్క ముఖచిత్రానికి రెండు మూడు ప్రతులు సంపాదించి, రంగు చెడనిదానినే స్వీకరించాడు. నాలుగు బ్లాకుల ముద్రణలో ఒక రంగు వెంట్రుకవాసి జరిగి నీడ పడిన చోట ఆ నీడను చెరపలేదు. ఆనాటి అచ్చుపని ఎటువంటిదో చదువరికి తెలియాలన్న ఆ నిర్ణయాన్ని హృదయపూర్వకంగా అభినందిస్తున్నాను. 1980 తరువాతి సంచికలకు కేటాయించిన స్థలం నా అభిరుచికి కొంత అధికమనిపించింది. ఆ పుటలు ఆచార్యకూ, ‘చిత్రా’కూ దక్కి ఉంటే నిండుదనం హెచ్చేది.

మలి సంపుటం విషయంలో నాదొక అభ్యర్థన. ఒకే ఫొటోల జంటకు తెలుగు పాఠకుడు వ్రాసిన వ్యాఖ్యనూ, అంబులిమామలో తమిళ పాఠకుడు వ్రాసినదానినీ, హిందీ, కన్నడ ప్రతులలో గెలిచినవాటినీ ఎదురెదురు పుటలలో ముద్రింపజేయాలి. అందుకు కావలసిన తమిళ సంచికలు ఈ నగరంలోనే లభ్యమవుతాయి. హిందీ, కన్నడ సంచికలకు ప్రయాణం తప్పదు, ఆ ప్రయాణానికి మన సంకలనకర్త సమర్థుడు.