“భారత్” అను తెలుఁగు సంకేతము: పదస్వరూప విమర్శము

అంతర్జాలమునందలి చిరునామాలు చిరకాలము రోమను లిపిలోని యిరువదియాఱక్షరములకును, అంకెలకును, అడ్డగీఁతకును లోఁబడి యుండెను. ఇతర లిపుల పేళ్లను లోలోపల రోమను గుఱుతులుగా మార్చి నడపు విధానము 2003 లో నేర్పడి 2010 లో సంస్కరింపఁబడెను. తత్ఫలముగా 2011 లో మన దేశమునకు ఏడు లిపులలో దేశనామ సంకేతములు లభించినవి. అందుఁ దెలుఁగునకు వచ్చినది “భారత్”. భీమవరపు వర్తకుఁ డిఁకఁ దన యంగడి చిరునామాను “భీమవరం.భారత్” అను తీరున స్వలిపిలో వ్రాసికొనవచ్చును. ఇది కొనియాడఁదగిన మేలే. కాని లిపి తెలుఁగైనంతనే పదము తెలుఁగగునా యనునది విచార్యము.

నాగరిలిపిలో నీ పదము అకారాంతముగనే వ్రాయఁబడినది, విరామచిహ్నము లేదు. హిందీవారు కడపటి యకారమును బలుకరు, అంతియే. మనవా రా పలుకుబడిని జెవితో విని, తకారమునకుఁ బొల్లు చేర్చిరి. కావున నీ రూపము సంస్కృతము గాదు, తెలుఁగు గాదు, వ్రాఁతలో హిందీయుఁ గాదు. లోపలి రోమను రూపములను బోల్చి చూచినఁ దెలుఁగు సంకేతము నాగరి సంకేతముకంటె రెండు గుఱుతులు దీర్ఘము. పొల్లునకుఁ జెల్లించిన సుంక మది!

సంస్కృతమునకుఁ దరువాత నేర్పడిన “భారతమ్” అను సంకేతమందును హల్లు గలదు. అది విభక్తివలన వచ్చినది గాన సాధువు. కన్నడమున “భారత” యని యజంతము, మలయాళమున “భారతం”. తమిళులు భారతశబ్దమునే విడిచి “ఇందియా” యనిరి. ఏకరూపత నిర్బంధమైనచో నీ భేదములకుఁ దావుండదు.

భారతమనఁగా నన్నయాదులు రచించిన కావ్యమే తెలుఁగువారికిఁ దోఁచునని యాక్షేపింపవచ్చును. మలయాళులకును భారతకథ కలదు; వారికి రాని భ్రాంతి మనకేల వచ్చును? అంతగా సందేహమైనచో “భారతదేశం” అను ప్రసిద్ధరూప ముండనే యున్నది. ఇఁక నన్యదేశ్యమనుకొన్నను, మన నాలుక కోర్టు, బస్సు, టిక్కెట్టు అని యచ్చు చేర్చియే పరపదమును గ్రహించును గదా. వార్తాపత్రికలలో “భారత్” విరివిగాఁ గానవచ్చుట నిజము. అది వాడుకకు సాక్ష్యమగునే కాని సాధుత్వమునకుఁ గాదు.

వ్రాఁతలోని యీ తేడా నోటిమాటలోని తేడావలె సర్దుకొనునది గాదు. యంత్రమునకు భీమవరం, భీమవరము అనునవియే వేర్వేఱు పేళ్లు. ఒకటి యొకరికిని రెండవది వేఱొకరికిని దక్కవచ్చును. పొల్లుతోడి చిక్కు మఱియు నెక్కుడు. డుమువులు బోధించు పండితుఁడు “భారతము”నకు షష్ఠి చెప్పవలసినచో “భారతములో” నని సుఖముగాఁ జెప్పును. “భారత్‌లో” యని ముద్రింపవలసినవాఁడు నడుమఁ గంటికిఁ గానరాని విభాజకచిహ్న మొకటి చొప్పింపవలయును. మఱచెనా, లకారము తకారమునకు వత్తై “భారత్లో” యగును.