బిల్లులోనే డబ్బు కట్టే దారి

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్లకు అమ్మడం కన్నా కష్టమైన పని ఒకటుంది. అమ్మాక డబ్బు అడగడం. బిల్లు పంపుతారు. కొన్నవాళ్లు చూస్తారు, "సాయంత్రం వేస్తాను" అంటారు, సాయంత్రానికి మర్చిపోతారు. రెండు రోజులాగి గుర్తు చేద్దామంటే మొహమాటం. అందులోనూ కొన్నది పక్క వీధివాళ్లో, మేనత్త తోటికోడలో అయితే ఆ మొహమాటానికి అంతుండదు. బిల్లు మీదే డబ్బు కట్టే లింకు పెట్టడం పైకి సాంకేతిక విషయంలా కనిపించినా, నిజానికి ఈ మొహమాటాన్ని తీర్చే పనితనం. అందుకే దాన్ని శ్రద్ధగా నేర్చుకోవాలి.

ఈ మాట చెప్పుకోవడానికి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ మంచి చోటు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇటు నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా బెంగాల్ వైపు పట్టాలు వేసింది. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగాన్ని తనలో కలుపుకుని వాల్తేరు వైపు కూడా వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల మనుషులు అదే కంపెనీ కొలువులో ఖరగ్‌పూర్‌కీ, చక్రధర్‌పూర్‌కీ, బిలాస్‌పూర్‌కీ చేరారు. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు బిలాస్‌పూర్ కేంద్రమయింది. రైల్వే కాలనీల్లోనూ బుధవారీ బజార్ చుట్టుపక్కలా ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్, బిలాస్‌పూర్–తిరుపతి ఎక్స్‌ప్రెస్ రాయగడ, విజయనగరం మీదుగా నడుస్తాయి కాబట్టి సొంతూరి రుచులు కూడా ఈ ఊరికి రైల్లోనే వస్తాయి.

అలాంటి కాలనీలో ఇంటి దగ్గర ఆవకాయ, మాగాయ పట్టి, చిన్న వెబ్‌సైటు పెట్టుకుని అమ్మే ఇల్లాలిని ఉదాహరణగా తీసుకుంటే విషయం తేలిగ్గా బోధపడుతుంది. ఆమె కొనుగోలుదార్లు బిలాస్‌పూర్‌లోనే ఉన్న తోర్వాలో ఉంటారు, కోర్బాలో ఉంటారు, రాయ్‌పూర్, భిలాయిల్లో ఉంటారు. సగం ఆర్డర్లు వెబ్‌సైటు మీద రావు. "పిన్నీ, కిలో ఆవకాయ, అరకిలో మాగాయ పక్కన పెట్టు" అని వాట్సాప్‌లో వస్తాయి. ఆమె ఆ ఆర్డరును తనే సైటులో ఎక్కించి, పీడీఎఫ్ బిల్లు తీసి పంపుతుంది. మొత్తం 850 రూపాయలు. బిల్లు కింద ఆమె ఫోన్ నంబరు ఉంటుంది.

ఇక్కడి నుంచి పని ఎవరి మీద పడుతుందో చూడాలి. కొన్నావిడ బిల్లు మూసి, నంబరు గుర్తుపెట్టుకుని లేదా కాపీ చేసుకుని, ఫోన్‌పే తెరిచి, నంబరు కొట్టి, పేరు సరిచూసుకుని, 850 టైపు చేసి, పిన్ నొక్కాలి. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే అంతే సంగతులు. డెలివరీ చార్జీ మర్చిపోయి 800 వేసేవాళ్లుంటారు. అదే రోజు ఇద్దరు చెరో 850 వేస్తే, అందులో ఒకటి భర్త ఖాతా నుంచో కూతురి ఖాతా నుంచో వస్తే, ఏది ఎవరిదో తేల్చుకోవడానికి అమ్మినావిడ రాత్రి బ్యాంకు మెసేజీలు ముందేసుకుని కూర్చోవాలి. బిల్లు ఒక చోట, డబ్బు ఇంకో చోట ఉన్నంతకాలం ఈ చిక్కు తప్పదు.

బిల్లునీ డబ్బునీ ఒక్కచోట కట్టిపడేయాలన్న ఆలోచన మన తపాలా శాఖకు 1877లోనే వచ్చింది. వీపీపీ (వాల్యూ పేయబుల్ పోస్ట్) అంటే పాత తరం పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. పోస్ట్‌మ్యాన్ పార్సిల్ తెచ్చి, దాని మీద రాసిన మొత్తం తీసుకుని, పార్సిల్ చేతికిచ్చేవాడు. ఆ డబ్బు మనియార్డరుగా పంపినవాళ్లకు చేరేది. ఎంత కట్టాలి, ఎవరికి, దేనికోసం అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఆ పార్సిల్ చీటీ మీదే ఉండేది. ఎంతో దూరాన ఉన్న ప్రచురణకర్త ముఖమైనా చూడని పాఠకుడు పుస్తకం కోసం నమ్మి డబ్బిచ్చాడంటే ఆ ఏర్పాటు బలమే కారణం.

ఈ కాలపు చీటీ యూపీఐ లింకు. 2016 ఏప్రిల్ 11న ముంబయిలో అప్పటి రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ రఘురామ్ రాజన్ యూపీఐని ఆవిష్కరించారు. ఆగస్టు చివర బ్యాంకుల యాప్‌లు వచ్చాయి, నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి, డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చింది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. ఇంత విరివిగా వాడుతున్నా, లింకు లోపల ఏముంటుందో చూసినవాళ్లు తక్కువ.

విప్పి చూస్తే అదొక చిన్న ఫారమే. ముందు యూపీఐ అని, తర్వాత పే అని, ఒక ప్రశ్నార్థకం ఉంటాయి. అక్కడి నుంచి గడి తర్వాత గడి. పీఏ అన్న గడిలో డబ్బు చేరాల్సిన యూపీఐ ఐడీ, పీఎన్‌లో పేరు, ఏఎంలో మొత్తం, సీయూలో రూపాయి గుర్తుగా ఐఎన్‌ఆర్ ఉంటాయి. టీఎన్‌లో చిన్న గమనిక రాసుకోవచ్చు, టీఆర్‌లో రిఫరెన్స్ నంబరు. ఆవకాయ బిల్లు నంబరు 214 అనుకుంటే, ఏఎంలో 850, టీఎన్‌లో "బిల్లు 214" అని నింపితే చాలు. కొన్నావిడ ఫోన్‌లో యాప్ తెరుచుకునేసరికి మొత్తం, పేరు సిద్ధంగా ఉంటాయి. ఆమె సరిచూసుకుని పిన్ నొక్కాలి, అంతే. ఇదే సమాచారాన్ని బొమ్మగా మారిస్తే క్యూఆర్ కోడ్. దుకాణం గోడ మీద అంటించిన క్యూఆర్‌లో మొత్తం ఉండదు, కొన్నవాళ్లే టైపు చేయాలి. బిల్లు బిల్లుకీ కొత్తగా పుట్టే క్యూఆర్‌లో మొత్తం కూడా ఉంటుంది. దాన్నే డైనమిక్ క్యూఆర్ అంటారు.

అయితే ఈ లింకును వాట్సాప్‌లో అలాగే పెడితే వేలు పెట్టి నొక్కడానికి వీలుకాదు, ఉత్త అక్షరాల్లా పడి ఉంటుంది. జీమెయిల్ కూడా ఇలాంటి లింకుల్ని తీసేస్తుంది. రెండూ మామూలు వెబ్ చిరునామానే లింకుగా గుర్తిస్తాయి. అందుకని బిల్లు మీద ముందు సొంత సైటులోని ఒక పేజీకి లింకు ఇవ్వాలి. ఆ పేజీలో ఫోన్ వాడేవాళ్లకు బటన్, కంప్యూటర్ ముందున్నవాళ్లకు క్యూఆర్ కనిపించాలి. ఇంకో సంగతి: వ్యక్తిగత ఐడీకి ఇలా లింకు ద్వారా డబ్బు పంపబోతే కొన్ని యాప్‌లు ఒప్పుకోవు. వ్యాపారి ఖాతాగా నమోదైన ఐడీతో ఆ బాధ తక్కువ. కాబట్టి లింకు తయారు చేయడానికి ముందే బ్యాంకులోనో యాప్‌లోనో వ్యాపారి ఖాతా తెరుచుకోవడం మంచిది.

అసలు చిక్కు డబ్బు పంపాక మొదలవుతుంది. కట్టినట్టు కొన్నావిడ ఫోన్‌లో పచ్చటి టిక్కు పడుతుంది. అమ్మినావిడకు ఎలా తెలియాలి? "స్క్రీన్‌షాట్ పెట్టమ్మా" అని అడగడం మన ఊళ్లన్నిటా అలవాటైపోయింది. ఇది మానుకోవాల్సిన అలవాటు. స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా మార్చగలరు, అచ్చం అలాంటి తెరను చూపించే నకిలీ యాప్‌లే ఉన్నాయి. బజారు దుకాణాల్లో డబ్బు పడగానే పలికే సౌండ్‌బాక్స్ అంతలా పాకిందంటే, అది కొనేవాళ్ల ఫోన్‌ను కాక అమ్మేవాళ్ల ఖాతాను నమ్ముతుంది కాబట్టే. ఆన్‌లైన్ దుకాణానికి ఆ పని చేసిపెట్టేది పేమెంట్ గేట్‌వే. డబ్బు జమ కాగానే అది నేరుగా వెబ్‌సైటుకు కబురు పంపుతుంది, 214వ బిల్లు దానంతటదే "చెల్లింపు అయింది" అని మారుతుంది. రాత్రిపూట బ్యాంకు మెసేజీలు వెతుక్కునే బాధ పోతుంది.

దానికి ఖర్చుంది. గేట్‌వేలు సాధారణంగా రెండు శాతం చుట్టుపక్కల తీసుకుంటాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. 850 రూపాయల మీద 17 రూపాయలు, జీఎస్టీ 3 రూపాయల 6 పైసలు. అంటే ఇంచుమించు 20 రూపాయలు. 2020 జనవరి నుంచి యూపీఐ మీద ఎండీఆర్ (వ్యాపారి నుంచి తీసుకునే రుసుము) సున్నా అయినా, గేట్‌వే తన సేవకు తన రుసుము అడగవచ్చు. రోజుకు రెండు మూడు సీసాలు అమ్మేవాళ్లకు 20 రూపాయలు చిన్న మాట కాదు. వాళ్లు వ్యాపారి ఐడీతో సొంత లింకు పెట్టుకుని, జమ అయిందో లేదో తమ వ్యాపారి యాప్‌లోనే చూసుకుంటే సరిపోతుంది. రోజుకు పాతిక ముప్పై బిల్లులు వెళ్లేవాళ్లు మాత్రం ఆ రుసుము కట్టి నిద్రపోవడమే మేలు. కార్డుతో కట్టేవాళ్లకూ అప్పుడే దారి ఉంటుంది.

బిల్లు మీదే డబ్బు కట్టే దారి ఉంచే విషయంలో పెద్ద కంపెనీలకు ప్రభుత్వమే నియమం పెట్టింది. ఏడాదికి 500 కోట్ల రూపాయలకు మించి టర్నోవర్ ఉన్న సంస్థలు నేరుగా వినియోగదారులకిచ్చే బిల్లు మీద డైనమిక్ క్యూఆర్ వేయాలని జీఎస్టీ నిబంధన. ఇది 2020 డిసెంబరు 1 నుంచి వచ్చింది, మొదట్లో కొన్ని నెలలు జరిమానాలు మాఫీ చేశారు. బ్యాంకులు, బీమా సంస్థల వంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. స్విట్జర్లాండ్‌లో 2020 జూన్ 30న బిల్లు అడుగునే క్యూఆర్ ఉండే పద్ధతి తెచ్చారు. తరతరాలుగా వాడిన ఎర్ర, నారింజ రంగు చెల్లింపు చీటీలను 2022 సెప్టెంబరు 30తో ఆపేశారు. అక్కడ ఊరి వడ్రంగి పంపే బిల్లయినా, బీమా కంపెనీ పంపేదయినా అడుగు భాగం ఒకే తీరుగా ఉంటుంది. చూసేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే వెళుతుంది. మన దగ్గర చిన్న వ్యాపారుల బిల్లులకు అలాంటి ఒక తీరు ఇంకా కుదరలేదు, కుదిరితే ఎంతో మేలు.

లింకు అంటే జనానికి భయం ఉంది, ఆ భయం న్యాయమైనదే. "ఈ రాత్రి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఇక్కడ కట్టండి" అన్న మోసపు మెసేజీలు అందుకోని ఇల్లు అరుదు. డబ్బు వస్తుందని చెప్పి పిన్ నొక్కించిన మోసాలు ఎక్కువై, డబ్బు అడుగుతూ వ్యక్తులు ఒకరికొకరు పంపుకునే కలెక్ట్ రిక్వెస్టుల్ని 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపేసింది. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. నిజాయితీగా అమ్మేవాళ్లు ఈ భయాన్ని విసుక్కోకూడదు, దాన్ని గౌరవించి లింకు తయారు చేయాలి. పొట్టి చేసిన గుర్తుతెలియని చిరునామా పంపకూడదు, సొంత సైటు పేరు స్పష్టంగా కనిపించాలి. మెసేజీలో బిల్లు నంబరు, సరుకు, మొత్తం రాసి, "యాప్‌లో మా పేరు ఇలా కనిపిస్తుంది" అని ముందే చెప్పాలి. బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరునే చెల్లించేవాళ్లకు చూపాలని యాప్‌లకు 2025 జూన్ 30 గడువు పెట్టారు. ఖాతా భర్త పేరు మీద ఉండి దుకాణం పేరు వేరుగా ఉంటే, ఆ ఒక్క వాక్యం రాయకపోవడం వల్లే బేరం ఆగిపోవచ్చు.

గుర్తు చేయడంలోనూ పనితనం ఉంది. లింకు ఉన్న బిల్లుకు గుర్తు చేయడమంటే అదే లింకును మళ్లీ పంపడం. "అమ్మా, మీ సీసా ప్యాక్ చేశాం, బిల్లు ఇది" అంటే చాలు, డబ్బు మాట ఎత్తనే అక్కర్లేదు. కానీ ధర మారినా, సరుకు అయిపోయినా పాత లింకును రద్దు చేసి తీరాలి. మామిడికాయల కాలం దాటాక ఎవరో పాత లింకు నొక్కి డబ్బు కడితే, వాపసు పంపే తంటా, మాట పోయే తంటా రెండూ అమ్మినవాళ్లవే.

రైల్వే ఊళ్లలో ఇంకో సంగతి తరచూ ఎదురవుతుంది. ఊరగాయ అడిగేది బిలాస్‌పూర్‌లో ఉండిపోయిన విశ్రాంత ఉద్యోగి, డబ్బు కట్టేది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న కొడుకు. "బాబూ, పిన్నిగారి బిల్లు పంపించాను, కట్టెయ్" అని తండ్రి లింకును ముందుకు పంపుతాడు. చిన్న దుకాణాలు తమ వెబ్‌సైట్లకు విరివిగా వాడే వూకామర్స్ సాఫ్ట్‌వేర్‌లో, ఆర్డరును తండ్రి పేరున్న ఖాతాకు జతచేస్తే, ఆ లింకు నొక్కిన కొడుకును ముందు తండ్రి ఖాతాలోకి లాగిన్ అవ్వమంటుంది. తండ్రికి పాస్‌వర్డ్ గుర్తుండదు. ఆర్డరును ఖాతాతో ముడిపెట్టకుండా అతిథి ఆర్డరుగా ఎక్కిస్తే లాగిన్ అడగదు, మహా అయితే బిల్లు మీదున్న ఈమెయిల్ సరిచూడమంటుంది. కాబట్టి ఇలాంటి ఇళ్లకు పంపే బిల్లును అమ్మేవాళ్లు ముందుగా ఇంకో ఫోన్ నుంచి, లాగిన్ లేకుండా, ఒకసారి తెరిచి చూసుకోవాలి. స్మార్ట్‌ఫోన్ పట్టని పెద్దవాళ్ల కోసం బిల్లు అడుగున బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కూడా పెద్ద అక్షరాల్లో ఉంచాలి. పెన్షన్ తీసుకోవడానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు వాళ్లు అక్కడే స్లిప్పు రాసి కట్టేస్తారు, బిల్లు నంబరు ఆ స్లిప్పు మీద వేయమని చెబితే సరి.