ఆఖరి బిస్కెట్లో సగం

ఐదు నిమిషాలు కూడా ఉండని బొమ్మల సినిమా అది. పేరు 'స్నాక్ అటాక్'. 2012లో వచ్చింది. మొదటిసారి చూసినప్పుడు హాయిగా నవ్వాను. రెండోసారి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

కథ ఇంతే. రైల్వే స్టేషన్లో ఓ ముసలమ్మ. మెషిన్లో డబ్బులేసి బిస్కెట్ల పొట్లం కొంటుంది. ఆ మెషిన్ కూడా ఆమెని సతాయిస్తుంది. వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది. పక్కన ఓ కుర్రాడు, చెవుల్లో పాటలు. ఇద్దరి మధ్యా పొట్లం. వాడు దాంట్లోంచి ఒకటి తీసుకుంటాడు. ఆమె ఉలిక్కిపడుతుంది, కసిగా తనూ ఒకటి తీసుకుంటుంది. వాడొకటి, ఆమె ఒకటి. చివరికి ఒక్కటే మిగుల్తుంది. వాడు దాన్ని తుంచి సగం ఆమెకిస్తాడు! ఆమె మండిపడుతూ రైలెక్కేస్తుంది. టికెట్ కోసం సంచి తెరిస్తే అందులో ఉంది ఆమె పొట్లం, సీలు కూడా విప్పకుండా. ఇంతసేపూ ఆమె తిన్నది వాడి బిస్కెట్లు.

దొంగ ఎవరు మరి?

సినిమా గడుసుదనమంతా ఇక్కడే ఉంది. మొదట్నించీ మనల్ని ముసలమ్మ వెనకాలే నడిపిస్తుంది. ఆమె కొనడం చూపిస్తుంది, వాడు కొనడం చూపించదు. చూపించని దాన్ని మనమే పూరించుకున్నాం. కుర్రాడు, చెవుల్లో పాటలు, పెద్దవాళ్లని లెక్కచెయ్యని వాలకం... ఇంకేం సాక్ష్యం కావాలి? ముసలమ్మతో పాటు మనమూ తీర్పు చెప్పేశాం. రుజువు మాత్రం ఆమె సంచిలోనే ఉండిపోయింది.

ఈ కథ కొత్తది కాదు. డగ్లస్ ఆడమ్స్ 1984 నాటి తన నవలలో దీన్నే బిస్కెట్లతో చెప్పాడు. 1989లో ఆడమ్ డేవిడ్‌సన్ 'ద లంచ్ డేట్' అనే చిన్న సినిమా తీశాడు. అందులో బొమ్మలు లేవు, మనుషులే. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్. రైలు తప్పిపోయిన ఓ తెల్లజాతి పెద్దావిడ సలాడ్ కొని బల్ల మీద పెట్టి ఫోర్కు కోసం వెళ్తుంది. తిరిగొచ్చేసరికి ఓ నల్లజాతి మనిషి తింటూ ఉంటాడు. ఆమె పంతంగా అదే ప్లేట్లో తింటుంది. అతను లేచెళ్లి ఆమెకీ ఓ కాఫీ తెచ్చిపెడతాడు. ఆమె సలాడ్ పక్క బల్ల మీద అలాగే ఉంది! ఆ సినిమాకి 1990లో కాన్స్ బహుమతి, 1991లో ఆస్కార్ వచ్చాయి.

రెండు సినిమాల్లోనూ పొరపాటు ఒకటే. బరువు మాత్రం ఒకటి కాదు. బొమ్మల సినిమాలో ముసలమ్మ కోపం వెనక పోలీసు లేడు, లాకప్పు లేదు. అందుకే నవ్వగలిగాం. గ్రాండ్ సెంట్రల్‌లో ఆ పెద్దావిడ గట్టిగా ఓ కేక పెట్టి ఉంటే? నల్లమనిషిని ఎవరైనా బిల్లు చూపించమని అడిగేవాళ్లా, నేరుగా చెయ్యి విరిచి పట్టుకునేవాళ్లా? బొమ్మల సినిమా రంగుని తీసేసి వయసుని పెట్టింది. దాని సుఖమూ అదే, లోపమూ అదే.

పేరు చెప్పగానే 'ఇల్లు ఖాళీ లేదు' అనిపించుకున్న మనలాంటి వాళ్లకి ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. నా పేచీ ఇంకోటి. ఈ కథల్లో దయ చూపించాల్సిన పని ఎప్పుడూ అనుమానానికి గురైనవాడిదే ఎందుకవుతుంది? వాడు 'ఇవి నావి అమ్మా' అన్నాడనుకోండి, అక్కడికి సినిమా అయిపోయింది. వాడి మౌనం మీదే ఆమె పాఠం నిలబడింది. మనల్నీ అలాగే ఉండమంటారు. షక్ వాళ్లది, సబర్ మనది. ఆఖరి బిస్కెట్ తుంచిస్తేనా మనం మంచి ముస్లింలం?

ఇంతవరకూ రాసి కలం పక్కన పెట్టేద్దామనుకున్నాను. కానీ చెప్పుల సంగతి గుర్తొచ్చింది.

కొన్నేళ్ల కిందట ఓ జుమ్మా రోజు. నమాజు చదివి బయటికొస్తే నా చెప్పులు కనపళ్లేదు. ఓ కుర్రాడు వాటిని తొడుక్కుంటున్నాడు. లేబర్ పని కాబోలు, చొక్కా నిండా సిమెంటు మరకలు. 'ఏయ్, అవి నావి' అని గదమాయించాను. వాడు నా మొహంలోకి చూశాడు. చెప్పులు విడిచి నా ముందు పెట్టాడు. 'లేలో చచ్చా' అనేసి వట్టి కాళ్లతో ఎండలో వెళ్లిపోయాడు. దారంతా బిగుతుగానే ఉన్నాయి, కోపంలో పట్టించుకోలేదు. ఇంటికొస్తే నా చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. పొద్దున నేను వేసుకెళ్లింది తమ్ముడివి.

వాడూ ముస్లిమే, నేనూ ముస్లిమునే. ఒకే సఫ్‌లో నిలబడి సజ్దా చేసిన వాళ్లం. అయినా సిమెంటు చొక్కా చూడగానే నాకు దొంగే కనిపించాడు. మెజారిటీ కళ్ల గురించి ఇన్నాళ్లూ రాశాను. అవే కళ్లు నా మొహానికీ ఉన్నాయని ఆ రోజు తెలిసింది.

ఈ బొమ్మల సినిమాని మెచ్చుకోవాల్సింది ఒక్క విషయంలో. అది ముసలమ్మకి క్షమాపణ అడిగే వీలివ్వలేదు. సంచి తెరిచేసరికే రైలు కదిలిపోయింది. కుర్రాడు స్టేషన్లో ఉండిపోయాడు. షర్మిందగీ ఒక్కటే ఆమెతో పాటు ప్రయాణం చేస్తుంది. అడిగి వదిలించుకునే సిగ్గు కాదు, మోయాల్సిన సిగ్గు.

తర్వాత నాలుగు జుమ్మాలు మసీదు గుమ్మం దగ్గర వెతికాను. వాడు కనపళ్లేదు. ఆ చెప్పులు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి.